దేవుడి మందిరానికి ఎదురుగా పిట్టగుడ్లు

మా హాల్లో, దేవుడి మందిరానికి సరిగ్గా ఎదుటి గోడ మీద, పిట్టగుడ్ల బొమ్మ ఒకటి వేలాడుతోంది. రెండు చేతులూ చాస్తే గానీ అంచులు అందనంత వెడల్పు. కొన్నది కాదు, నేను చేసింది. ఆస్ట్రేలియాలో మా డార్విన్ ఇంటికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ముందు ఆ బొమ్మ చూస్తారు, తరవాత మందిరం చూస్తారు, ఆ తరవాత మా అత్తయ్య మొహం చూస్తారు. ఎందుకంటే మాది గుడ్డు గడప దాటి రాని ఇల్లు. పుట్టినరోజు కేకు కూడా గుడ్డు లేకుండా చేయించిందే. మా ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో ఆమ్లెట్ తింటారని అత్తయ్యకి తప్ప అందరికీ తెలుసు. అత్తయ్యకి కూడా తెలుసనీ, తెలియనట్టు ఉంటారనీ నా అనుమానం. అలాంటి ఇంట్లోకి నాలుగు గుడ్లు, అదీ దేవుడి ఎదుటికి, ఎలా వచ్చాయో చెప్పాలంటే నా చెయ్యి విరిగిన దగ్గర మొదలుపెట్టాలి.

నేను నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసే డాక్టర్ని. ఆ పిల్లల అరచెయ్యి మన బొటనవేలి గోరంత ఉంటుంది. ఆ చేతి మీద కనిపించీ కనిపించని నరంలోకి దారమంత గొట్టం ఎక్కించాలి. మందైనా, ఆహారమైనా దాని గుండానే వెళ్లాలి. ఇందులో చదువు పాలు తక్కువ, వేళ్ల పాలు ఎక్కువ. నరంలోకి సూదిమొన దిగినప్పుడు ఒక చిన్న సడలింపు వేలికి తెలుస్తుంది, కంటికి తెలియదు. వార్డులో మిగతావాళ్లు ప్రయత్నించి వదిలేసినప్పుడు నన్ను పిలిచేవారు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను. నాకు ఆ గొప్ప ఇష్టం.

అత్తయ్యకి తన వేళ్ల మీద అంతకంటే ఎక్కువ గొప్ప. మామయ్య పోయాక ఆవిడ కృష్ణా జిల్లా నుంచి మా దగ్గరకి వచ్చేశారు, వస్తూ తన ముగ్గుని వెంట తెచ్చుకున్నారు. రోజూ తెల్లారేసరికి మా గుమ్మం ముందు మెలికల ముగ్గు ఉండాల్సిందే. వానల్లేని నెలల్లో ఏ ఇబ్బందీ లేదు. వానాకాలం వచ్చేసరికి పొడిముగ్గు గాలికీ జల్లుకీ నిలవడం లేదని, బియ్యప్పిండిని నీళ్లలో కలిపి పోర్టికో టైల్స్ మీద వెయ్యడం మొదలుపెట్టారు. వాళ్ల ఊళ్లో గరుకు సిమెంటు అరుగుల మీద చేసే పద్ధతి అది. మా పోర్టికోలో ఉన్నవేమో మొహం కనబడేంత నున్నటి టైల్స్. దారినపోయే వాళ్లు ఆగి ఫోటోలు తీసుకుంటూంటే మేమంతా మురిసిపోయాం. ఇక్కడి ఉక్కలో తడిపిండి ఆరదనీ, ముందురోజు ముగ్గు మీద వాన పడితే అది జిగటగా మారుతుందనీ, ఇంట్లో ఒక ఇంజనీరు, ఒక డాక్టరు ఉండి కూడా ఇద్దరికీ తట్టలేదు. తెలుగువాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరి, ముగ్గు తొక్కకూడదు కదా అని అడుగు పక్కకి వెయ్యబోయి, దాని అంచు మీదే జారాను. పడుతూ కుడిచెయ్యి ఆనించాను. మణికట్టు ఎముక ముక్కలైంది.

ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ఎముక అతికింది. వేళ్లకి మాత్రం స్పర్శ పోయింది. బొటనవేలికి, మధ్యవేలికి మెల్లగా తిరిగొచ్చింది గానీ చూపుడువేలి కొన మొద్దుగానే ఉండిపోయింది. మా ఆసుపత్రి వాళ్లు మర్యాదగానే చెప్పారు. బయటి రోగుల్ని చూడు, మందులు రాయి, కానీ వార్డులో పిల్లల మీద సూది పట్టాలంటే ముందు బొమ్మచేతి మీద పెద్ద డాక్టరు ఎదుట చేసి చూపించాలి. చూపించలేకపోతే ఇకమీదట కుర్చీ డాక్టర్నే. కుర్చీలో కూర్చోవడానికి కాదు నేను ఇన్నేళ్లు నిలబడింది.

అత్తయ్య ఆ రోజు నుంచి ముగ్గు మానేశారు. మానెయ్యమని ఎవరూ అనలేదు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పోర్టికో అంతా బ్రష్షుతో తోమి కడిగేసి ఉంది, పిండి డబ్బా వంటింటి పై అరలోకి వెళ్లిపోయింది. తరవాత మా ఆయన నున్నటి టైల్స్ పీకించి గరుకు రాళ్లు వేయించారు. అయినా డబ్బా కిందికి దిగలేదు. గుమ్మం బోసిగా ఉండిపోయింది. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

చేతికి కసరత్తులు చేయించే థెరపిస్టు దగ్గరకి వారం వారం వెళ్లేదాన్ని. ఆవిడ గది బయట, నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా, గోడకి పిట్టగుడ్ల చిత్రం ఉండేది. ఇక్కడి ఇంటి సామాన్ల దుకాణాల్లో దిండు గలేబులూ కొవ్వొత్తుల పక్కన అమ్మే రకం. తెల్లటి కాగితం మీద వరసల్లో గుడ్లు, ఒక్కోదాని కింద పిట్ట పేరు. ఎండకి వెలిసిపోయింది. మొదట్లో అంత పనిలేని చిత్రం ఇంకోటి ఉండదనిపించింది. కానీ వేరే చూడ్డానికేమీ లేక దాన్నే చూస్తుంటే, ఆ గుడ్ల మీది చుక్కలు నన్ను పట్టుకున్నాయి. ఏ రెండు చుక్కలూ ఒకలా లేవు. ఒకచోట గుంపుగా, ఒకచోట పలచగా, పెద్దకొన దగ్గర దట్టంగా.

అప్పటికే నేను ఇంట్లో ముగ్గు వేసి చూశాను, అత్తయ్య నిద్రలో ఉన్నప్పుడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని వదలడం కంటే మంచి కసరత్తు ఏముంటుంది? కానీ ముగ్గు నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, వేళ్లు చేతకాకపోతే భుజం ఊపుతో గీత లాగించేస్తోంది. చెయ్యి దొంగ. పిట్టగుడ్డు మీద చుక్కలతో ఆ దొంగతనం కుదరదు. ప్రతి చుక్కకీ వేళ్లు ఆగాలి, చిటికెడులో చిటికెడు వదలాలి, మళ్లీ మూసుకోవాలి. ఈ మాట థెరపిస్టుతో అంటే ఆవిడ కాసేపు చిత్రాన్నీ నా చేతినీ మార్చి మార్చి చూసి, "గివ్ ఇట్ ఎ గో" అంది.

ఆ సాయంత్రమే ప్లైవుడ్ పలక కొన్నాను. దాని మీద తెల్లరంగు పూసి, హాల్లో నేల మీద పడుకోబెట్టాను. లైబ్రరీ నుంచి ఇక్కడి పిట్టల గుడ్ల ఫోటోల పుస్తకం తెచ్చాను. గూట్లోంచి గుడ్డు తియ్యడం ఈ దేశంలో నేరం, మా అత్తయ్య దృష్టిలో పాపం, కాబట్టి ఫోటోలే గతి. పద్ధతి నేనే కుదుర్చుకున్నాను. ముందు కుంచెతో గుడ్డుకి అసలు రంగు, అది ఆరాక పైన పలచగా జిగురు, ఆ జిగురు తడిగా ఉండగానే దీపావళికి తెచ్చిన ముగ్గురంగులు చిటికెతో చుక్కలు చుక్కలుగా. అన్నీ అయ్యాక పైన వార్నిష్. నేల మీద ముగ్గులా పుట్టి గోడ మీదికి ఎక్కాలి. ఎక్కే గోడ కూడా అప్పుడే అనుకున్నాను. హాల్లో ఖాళీగా ఉన్నది మందిరానికి ఎదురుగా ఉన్న గోడ ఒక్కటే.

అత్తయ్య మొదట ఏవో దీపపు బుడ్లు గీస్తున్నాననుకున్నారు. గుడ్లని తెలిశాక తలుపు దగ్గరే ఆగిపోయారు.

"ముగ్గుపిండితో గుడ్డేంటమ్మా?" అన్నారు. "అదీ దేవుడికి ఎదురుగా పెడతావా?"

ఇది తినే గుడ్డు కాదు, చూసే గుడ్డు అని మా ఆయన నా తరఫున వాదించబోయారు. మా అమ్మాయి సెల్‌ఫోన్ నుంచి తలెత్తకుండా "ఇట్స్ జస్ట్ ఎ పిక్చర్, నానమ్మా" అంది. నేను మాత్రం వాదించలేదు. అత్తయ్యా, నాకు ఈ చెయ్యి కావాలి, ఇది అయ్యాకే ఇంకే మాటైనా, అన్నాను. ఆవిడ నా చేతి వైపు చూసి లోపలికి వెళ్లిపోయారు. మనసుకి కష్టంగానే అనిపించింది. కానీ పలక అక్కడి నుంచి జరపలేదు.

ఆదివారం భోజనానికి వచ్చిన ఒక పెద్ద అంకుల్‌ని అత్తయ్య వాస్తు అడిగారు. ఆయన ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ ఉన్న ఇంజనీరు, ఎవరిల్లు కట్టుకున్నా దిక్కులు చెప్పే బాధ్యత ఆయనదే. దక్షిణార్ధగోళంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వెళ్తాడు గనక ఇక్కడ మన ఈశాన్యం ఆగ్నేయమవుతుందనీ, ఆ లెక్కన ఆ గోడ మీద ఏం పెట్టినా తప్పులేదనీ సాంబారు కలుపుకుంటూ తేల్చేశారు. అన్నీ తిరగబడే దేశమైతే ఇక్కడ గుడ్డు కూడా శాకాహారమేనేమో అన్నాను. అంకుల్ నవ్వారు, అత్తయ్య నవ్వలేదు.

మొదటి గుడ్డు బాతుగుడ్డంత పెద్దది, ఇక్కడి చిత్తడి నేలల్లో తిరిగే మ్యాగ్‌పై గూస్ అనే పక్షిది. చుక్కల్లేని మీగడ రంగు. గుడ్డు గీయడం తేలికనుకునేదాన్ని. సున్నా చుట్టడం ఎవరికైనా వస్తుంది, గుడ్డు సున్నా కాదు. ఒక కొన బరువుగా కూర్చోవాలి, రెండో కొన తేలాలి. చెరిపి చెరిపి ప్లైవుడ్ నునుపెక్కింది. రెండోది ప్లోవర్‌ది. ఇక్కడ బడి మైదానాల్లోనూ రోడ్ల మధ్య రౌండెబౌట్ గడ్డిలోనూ నేల మీదే గుడ్లు పెట్టి, దగ్గరకి వచ్చినవాళ్ల నెత్తి మీదికి దూసుకొచ్చే పిట్ట అది. మన తీతువుకి దగ్గర చుట్టం. ఆ మాట అత్తయ్య ముందు నోరు జారి అనేశాను. తీతువు అరిస్తేనే అరిష్టమనే ఆవిడకి తీతువు గుడ్డే హాల్లోకి వచ్చిందని తెలిస్తే ఎలా ఉంటుంది?

మర్నాడు పొద్దున్న పూజ వేళకి పలక మీద తువ్వాలు కప్పి ఉంది. హారతి అయ్యాక తువ్వాలు మళ్లీ తీసి మడిచి ఉంది. ఇక రోజూ అంతే. కప్పేది ఆవిడ, తీసేది ఆవిడ. ఒక్క విషయం మాత్రం గమనించాను. తడి చుక్కలున్న రోజున తువ్వాలు పలకని తాకకుండా రెండు పీటల మీద పందిరిలా వేసి ఉండేది.

ప్లోవర్ గుడ్డు మరకలకే నా ప్రాణం పోయింది. చూపుడువేలికి తెలియదు గనక ఎంత పిండి జారుతోందో అర్థం కాదు, చుక్క వెయ్యబోతే కుప్ప పడుతుంది. కుప్ప గీకి, మళ్లీ జిగురు పూసి, మళ్లీ వేసేదాన్ని. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఇదేనని మా ఆయన ఆటపట్టించేవారు. ఆ తరవాత ఫ్రయర్‌బర్డ్ అనే పిట్టది, గులాబీ మట్టిరంగు మీద ఇటుకరంగు చుక్కలు. కోయిల దొంగతనంగా తన గుడ్డు పెట్టేది దీని గూట్లోనే. ఇది పూర్తయ్యేసరికి వానలు వెళ్లి, ఆకాశం నీలమైంది. చుక్కలు చుక్కల్లా పడుతున్నాయి. నేను సిద్ధమనుకున్నాను, పరీక్షకి వెళ్లాను.

తప్పాను. రబ్బరు చేతిలోని నరాన్ని సూది అటు నుంచి ఇటు పొడిచేసింది, మళ్లీ పెడితే మళ్లీ అంతే. చుక్క వెయ్యడానికి వేళ్లు ఆగితే చాలు, గొట్టం ఎక్కించడానికి ఆగకుండా మెల్లగా సాగాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దీపం వెలుతురు బాలేదని అనబోయి మానేశాను. పెద్ద డాక్టరు దయగా, కావాలంటే మళ్లీ రావచ్చు, రాకపోయినా ఎవరూ తప్పుపట్టరు అన్నారు. ఆ రెండో మాట నాకు మండింది. కారులో కాసేపు ఏడ్చాను. ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా పుస్తకం తెరిచి, అప్పటిదాకా భయపడి దాటేస్తూ వచ్చిన పేజీ తీశాను.

బవర్‌బర్డ్ గుడ్డు. ఈ పిట్ట మా వీధి చివర పొదల్లోనే ఉంటుంది. మగపిట్ట పుల్లలతో పందిరి కట్టి, దాని ముందు నత్తగుల్లలూ సీసా మూతలూ పరిచి ఆడపిట్ట కోసం ఎదురుచూస్తుంది. ఆడపిట్ట పెట్టే గుడ్డు మీద చుక్కలుండవు. బూడిదాకుపచ్చ పెంకు మీద సన్నటి గోధుమరంగు గీత, చుట్టి, మెలికపడి, దాని మీద అదే దాటి, ఎక్కడ మొదలైందో తెలియకుండా గుడ్డంతా అల్లుకుని ఉంటుంది. దాన్ని వెయ్యాలంటే పిండి ఆగకూడదు, ఎక్కువ కాకూడదు. భుజం కూడా సాయం రాదు, గుడ్డు చిన్నది. నాకు కావలసింది సరిగ్గా అదే.

రోజూ సాయంత్రం కూర్చునేదాన్ని. గీత రెండంగుళాలు సాగి తెగేది. గీకేసి మళ్లీ. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, ఆ రాజుకి ఇలాంటి గుడ్డు ఎదురుకాలేదేమో. ఒక సాయంత్రం నేను మూడోసారి గీకుతుంటే వెనక సోఫాలోంచి అత్తయ్య గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి చూస్తున్నారో తెలియదు.

"ఆ వేలు వదిలెయ్ అమ్మా. అది రాదు. మధ్యవేలితో పట్టు."

తిరిగి చూశాను. ఆవిడ కుడిచెయ్యి చాపి చూపించారు. చూపుడువేలు కణుపుల దగ్గర వాచి వంకరగా ఉంది. ఆ వాపు నేను చూడనిది కాదు, నొప్పికి మాత్రలు రాసిచ్చింది కూడా నేనే. కానీ ఇన్నేళ్లూ మా గుమ్మంలో ముగ్గులన్నీ బొటనవేలూ మధ్యవేలే వేశాయన్న సంగతి నాకు తెలియదు. ఆవిడ మెల్లగా దిగి వచ్చి నా పక్కన పీట మీద కూర్చున్నారు. గుడ్డుని మొదటిసారి సూటిగా చూశారు.

"ఇది మెలికల ముగ్గే కదే" అన్నారు. "మెలికలో గీత ఎక్కడా తెగకూడదు. తెగితే ముగ్గే కాదు."

మధ్యవేలితో పట్టుకున్నాను. అలవాటు లేని చేత్తో అన్నం తిన్నట్టుంది, గీత మొదటి రోజు ఇంకా అధ్వానంగా వచ్చింది. కానీ ఆ వేలికి పిండి తెలుస్తోంది. చాలాకాలం తరవాత జారుతున్నది జారుతున్నట్టు తెలిసింది. ఇంకో చిటికెడు పిండి తీసుకున్నాను. అప్పుడు ఆవిడ, పలక మీంచి చూపు తియ్యకుండా, అప్పటిదాకా దాచుకున్న మాట అన్నారు.

"నేను ఆ ముగ్గు వెయ్యకుండా ఉండాల్సిందమ్మా."

"వాన పడకుండా ఉండాల్సింది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, గీత వంక చూసి, అక్కడ సన్నబడింది చూసుకో అన్నారు. ఆ రోజు నుంచి సాయంత్రాలు పక్కనే కూర్చునేవారు. పొగడ్త ఒక్కటీ ఉండేది కాదు, తప్పు ఒక్కటీ వదిలేవారు కాదు. పొద్దున్న తువ్వాలు మాత్రం యథాప్రకారం కప్పేవారు. నేను పగలు ఆసుపత్రి శిక్షణ గదిలో రబ్బరు చేతి మీద బొటనవేలూ మధ్యవేలుతో గొట్టం పట్టుకుని సాధన చేసేదాన్ని, సాయంత్రం గుడ్డు దగ్గరకి వచ్చేదాన్ని. గీత మొదలుపెట్టిన చోటికి తెగకుండా తిరిగొచ్చిన రోజున, ఆసుపత్రికి ఫోన్ చేసి మళ్లీ పరీక్ష అడిగాను.

ఈసారి పెద్ద డాక్టరు నా పట్టు చూసి కనుబొమలెత్తారు. పుస్తకంలో లేని పట్టు. గొట్టం సాగింది, ఆగకుండా, ఎక్కువ కాకుండా. ఇంకోసారి చెయ్యమన్నారు, చేశాను. ఇంకో సైజు ఇచ్చారు, అదీ చేశాను. పట్టు ఏదైతేనేం, నరంలోకి వెళ్తోంది కదా, అని కాగితం మీద సంతకం పెట్టారు.

వార్డులో మొదటిరోజు నాకు దొరికిన చెయ్యి ఒక ఆడపిల్లది. పుట్టి ఒక్క పూట. పక్కన తల్లి నా మొహం చూస్తోంది. మధ్యవేలి కొనకి ఆ చిన్న సడలింపు తెలిసింది. గొట్టంలో ఎర్రగా కనబడింది. తల్లికి అంతా బాగుందని చెప్పి, చేతులు కడుక్కునే సింకు దగ్గరకి వెళ్లి, కావలసినదానికంటే చాలాసేపు కడుక్కున్నాను.

ఇంటికి వెళ్లేసరికి అత్తయ్య తలుపు తీసి, చెప్పులు విప్పనివ్వకుండానే "ఎక్కిందా?" అన్నారు.

"ఒక్కసారికే అత్తయ్యా."

ఆవిడ తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ ఆదివారం మా ఆయన బొమ్మని గోడకి ఎక్కించారు. మందిరానికి సరిగ్గా ఎదురుగా. తువ్వాలు అంత ఎత్తుకి అందదు. అందే మార్గం అత్తయ్య వెతకనూ లేదు.

సోమవారం పొద్దున్న డ్యూటీకి బయల్దేరి తలుపు తీశాను. గుమ్మం ముందు, గరుకు రాళ్ల మీద, ముగ్గు ఉంది. ఎన్ని నెలల తరవాతో. పొడిపిండితో వేసిన పెద్ద మెలికల ముగ్గు, పోర్టికో ఈ చివర నుంచి ఆ చివర దాకా. అత్తయ్య ఒక పక్కన గోడకి ఆనుకుని పిండి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. ముగ్గుని చూస్తూ చూస్తూ ఒకచోట ఆగాను. సరిగ్గా తలుపుకి ఎదురుగా మెలికలు తెగి ఉన్నాయి. గడప నుంచి మెట్ల దాకా ఒక అడుగు వెడల్పు దారి, పిండి రవ్వ కూడా పడకుండా తుడిచి ఉంది. గీత తెగితే ముగ్గే కాదన్న మనిషి, నా కాలి కోసం తన ముగ్గుని తానే తెంపుకున్నారు.

బ్యాగు లోపల పెట్టేశాను. ఆవిడ చేతిలోని గిన్నెలోంచి చిటికెడు పిండి తీసుకున్నాను, కుడిచేత్తో, బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య. వంగి, తెగిన చోట మొదలుపెట్టి, గీతని అవతలి కొసకి కలిపాను. ఒక్కొక్క మెలికే అన్నీ కలిసేదాకా లేవలేదు. అత్తయ్య వద్దనలేదు. తరవాత నేను ముగ్గు తొక్కకుండా లోపలికి వెళ్లి, బ్యాగు తీసుకుని, గ్యారేజీ తలుపు గుండా బయటికి వచ్చి, డ్యూటీకి వెళ్లాను.